బుట్ట వెలిగేదాకా

"అమ్మా, ఇంకా వెలగలేదేంది?" అని మా వాడు అడిగినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

సాయంత్రం ఆరున్నర అయివుంటుంది. తార్నాకలో మా ఫ్లాటు, వంటగది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మూలనున్న బుట్టలోంచి నాలుగు ఆలుగడ్డలు తీసి బేసిన్లో వేయమని వాడికి చెప్పాను. అప్పటికి వాడికి నాలుగేళ్లు నిండి మూడు నెలలు. ఒకటి వేశాడు, నా మొహం చూశాడు. రెండోది వేశాడు, చూశాడు. మూడు. నాలుగు. నేను ఫోన్‌లో ఏదో చదువుకుంటూ అలాగే నిలబడి ఉన్నాను. వాడు ఐదోది వేశాడు. ఆరోది వేశాడు. బుట్ట ఖాళీ అయింది. తొమ్మిది ఆలుగడ్డలు బేసిన్లో ఉన్నాయి. వాడు వంగి లోపలికి చూసి, స్టీలు అంచు మీద వేలితో రెండుసార్లు కొట్టి, ఆ మాట అడిగాడు.

ఇంకో తల్లి అయితే నవ్వి ఊరుకునేది. నాకు ఆ వీలు లేదు. వెలిగే బుట్ట నా ఆలోచనే.

అప్పట్లో నేను యూనివర్సిటీలో ఒక ప్రాజెక్టులో పనిచేసేదాన్ని. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు అంకెలు, ఎక్కువ తక్కువలు, ఒకటి కలపడం, ఒకటి తీసేయడం నేర్పే కంప్యూటర్ ఆటలు తెలుగులో తయారుచేయడం మా పని. అందులో ఒక ఆటలో ఏనుగు వచ్చి "నాకు మూడు మామిడిపళ్లు కావాలి" అంటుంది. పిల్లలు ట్యాబ్ మీద వేలితో పండును లాగి బుట్టలో వేయాలి. తప్పు చేస్తే ఏం చూపించాలన్న దగ్గర మా అందరికీ పెద్ద చర్చ. "తప్పు అనే మాట ఈ వయసులో వాళ్ల చెవిన పడకూడదు" అన్నారు ప్రాజెక్టు నడిపే మేడమ్. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. చిన్నప్పుడు కడపలో లెక్కల పీరియడు వస్తోందంటే కడుపునొప్పి తెచ్చుకున్నదాన్ని నేను. అందుకే వెంటనే అన్నాను: "తప్పు చూపించనే వద్దు మేడమ్. సరిపోయినన్ని పళ్లు పడగానే బుట్ట వెలుగుతుంది, ఏనుగు గంతేస్తుంది. అంతే." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాను.

ఆలుగడ్డల సాయంత్రం మొదలైన భయం ఎలా తీరిందో రాయాలంటే ఒకామె గురించి రాయాలి. ఆమె పోయిన వారం చనిపోయింది. పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. పగలు రాయడానికి కుదరలేదు.

ఆమె క్యాంపస్‌లోని పిల్లల కేంద్రంలో ఆయా. యూనివర్సిటీలో పనిచేసేవాళ్ల పిల్లలు, చుట్టుపక్కల బస్తీల పిల్లలు అక్కడికి వచ్చేవాళ్లు. మా పాప అక్కడే పెరిగి ఒకటో తరగతికి వెళ్లింది, తర్వాత మా వాడు చేరాడు. మా ఆటలు పరీక్షించేది కూడా అక్కడే. ఆమె పేరు నాకు తెలుసు, రిజిస్టర్‌లో రోజూ కనపడేది. కానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా ఒక్కసారి కూడా వినలేదు. అందరికీ ఆయమ్మే. ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

ఆయమ్మ మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చేది. వాచ్‌మన్ గేటు తీయకముందే వచ్చి, అతను ఆలస్యంగా వచ్చాడని దెప్పేది. అతను ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు, ఈమే ముందు వచ్చేది. కూర్చోవడానికి పెద్ద కుర్చీ ఇస్తే కూర్చునేది కాదు. పిల్లల కోసం కొన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆమెది. అంత మనిషి అంత చిన్న కుర్చీలో ఎలా పట్టేదో, దాని కాళ్లు ఎలా ఆగేవో నాకు ఈనాటికీ తెలీదు. ఏ పిల్లవాడైనా ఆ కుర్చీ ఎక్కితే మాత్రం ఊరుకునేది కాదు. "లే సారూ, గా కుర్సి నా ఆఫీసు" అనేది.

పిల్లలను సారూ, మేడమూ అని పిలిచేది. మా మేడమ్‌ను, నన్ను, పీహెచ్‌డీ చేసే అమ్మాయిలను అందరినీ బిడ్డా అనేది. కొత్తగా వచ్చినవాళ్లు గందరగోళపడేవాళ్లు. "మేడమ్ చెడ్డీ తడిపింది, ఎవరన్న పట్టుకపోండ్రి" అని ఆమె అరిస్తే, ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, తెలుగు కొంచెం తెలిసినాయన, ఉలిక్కిపడి మా మేడమ్ వైపు చూశాడు.

పిల్లలను లెక్కపెట్టడం కూడా ఆమెదొక పద్ధతి. చిన్నప్పుడు జనగామ దగ్గర ఊళ్లో పిడకలైనా, మామిడికాయలైనా నాలుగేసి పుంజీలుగా లెక్కపెట్టేవాళ్లట. అదే అలవాటు. తోటలోంచి పిల్లలను లోపలికి పంపుతూ నలుగురు నలుగురిని భుజం తట్టి, "ఐదు పుంజీలు, మీద ముగ్గురు" అని తనలో తాను అనుకునేది. ఒకరు తగ్గితే ఆ ఒకరు ఎవరో చూడకుండానే చెప్పేది. క్యాంపస్‌లో నెమళ్లు చాలా తిరుగుతాయి. మధ్యాహ్నం అన్నం వేళకు ఒక నెమలి వసారా దాకా వచ్చేది. దాన్ని చీపురుతో అదిలిస్తూ, "నువ్వు లెక్కల లేవు, పో" అనేది. పిల్లలు పడి పడి నవ్వేవాళ్లు. మరుసటి రోజు అది మళ్లీ వచ్చేది, ఆమె మళ్లీ అదే మాట అనేది, వాళ్లు మళ్లీ అంతే నవ్వేవాళ్లు.

మంచిదని మాత్రమే రాస్తే అబద్ధం అవుతుంది. నోరు కరుకు. ఏడ్చే పిల్లలంటే విసుగు. ఆమె కింద పని నేర్చుకోవడానికి వచ్చిన చిన్న ఆయాను నెలరోజులు ఏడిపించింది. ఆ అమ్మాయి కడిగిన గ్లాసు మళ్లీ కడిగేది, ఆమె ఎదురుగానే. మా పాపను గిచ్చిందని ఒకసారి నేను పోట్లాటకు వెళ్లాను. "గిచ్చిన. నీ బిడ్డ ఇంకో పోరిని కొరికింది, నేను గిచ్చిన. ఇద్దరిది అయిపోయింది. మల్ల నువ్వేంది?" అంది. నేను "మీరలా చేయకూడదు ఆయమ్మా, మీరు పెద్దవాళ్లు" అంటే, "మీరు గీరు ఏంది? నేనొక్కదాన్నే ఉన్న" అని నవ్వేసింది. కోపంగా వెళ్లినదాన్ని ఏం చేయాలో తెలియక తిరిగొచ్చాను. తర్వాత ఎప్పుడూ ఆమె గిచ్చలేదు, మా పాప కొరకనూ లేదు.

ఆటలు పరీక్షించే రోజుల్లో నా పని ఇది: ఒళ్లో ఒక ఫారం పెట్టుకుని పిల్లల పక్కన కూర్చోవడం. ఏ ప్రశ్న, ఎన్ని పళ్లు, సరిపోయాయా లేదా, ఎంతసేపు పట్టింది అని గడులు నింపడం. చివర "ఇతర విషయాలు" అని ఒక గడి ఉండేది. ఆయమ్మ వెనకాల ఎర్ర కుర్చీలో కూర్చునేది. నేను ట్యాబ్ చూసేదాన్ని. ఆమె ట్యాబ్ వైపు చూసేదే కాదు. పిల్లల మెడలు చూసేది.

పిల్లలందరూ బ్రహ్మాండంగా ఆడుతున్నారు. మూడంటే మూడు, ఏడంటే ఏడు. నా ఫారాల్లో అన్నీ సరిపోయినవే. మా వాడైతే అందరికంటే ముందు పది పళ్ల దాకా వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఒకరోజు ఆయమ్మ నా పక్కకు కుర్చీ జరుపుకుంది.

"బిడ్డా, ఒక మాట చెప్తా. కోపానికి రావద్దు."

"చెప్పండి ఆయమ్మా."

"లెక్క మీ బుట్ట పెడ్తున్నది. పోరగాండ్లు పెడ్తలేరు."

నాకు నవ్వొచ్చింది. "అందరూ కరెక్టుగానే వేస్తున్నారు కదా!"

"ఎందుకెయ్యరు? దీపం వెలిగేదాక ఏస్తరు. వెలగంగనె ఆపుతరు. లెక్కపెట్టే పోరని తల జర జర ఆడుతది, ఒకటి, రెండు, మూడు అని. చూడు, ఒక్కని తలన్న ఆడుతున్నదా?"

నేను చూడలేదు. "సరే, చూస్తాను" అన్నాను, కానీ చూడలేదు. "ఇతర విషయాలు" గడి ఖాళీగా వదిలేశాను. అంతకుముందు ఆమె చుట్టూ మూగే పిల్లలు ఇప్పుడు ట్యాబ్‌ల చుట్టూ చేరారు కాబట్టి ఈమెకు కష్టంగా ఉందేమో అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అలాగే అనుకున్నాను.

ఆ తర్వాత పదిరోజులకు ఆలుగడ్డలు.

ఆ సాయంత్రం పప్పు మాడిపోయింది. నేను స్పూన్లు తెచ్చాను, బట్టలకు పెట్టే క్లిప్పులు తెచ్చాను, బిస్కెట్లు తెచ్చాను. "నాన్నా, ఐదు క్లిప్పులు ఇవ్వు." వాడు ఒక్కొక్కటీ నా చేతిలో పెడుతూ ఐదు దగ్గర ఆగిపోయాడు. "మూడు స్పూన్లు." మూడు దగ్గర ఆగిపోయాడు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూసి, "వాడికి వచ్చు కదే. నీకు లేనిపోని భయాలు" అన్నారు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మరుసటి రోజు పాప, బడి ఆట ఆడుతూ, టీచర్ లాగా మొహం బిగించుకుని వాడిని నాలుగు క్రేయాన్లు అడిగింది. వాడు డబ్బాలో ఉన్నవన్నీ ఇచ్చేశాడు. "వీడికి ఏమీ రాదమ్మా" అని కంప్లయింటు తెచ్చింది.

నా దగ్గర వస్తుంది, అక్క దగ్గర రాదు. అదేమిటో అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేను చేసే పనే చేశాను. ఫోన్‌లో వెతికాను. పెద్ద పెద్ద జబ్బుల పేర్లు చదివాను. ప్రతి పేరులోనూ మా వాడు కనపడ్డాడు. మరో నెలలో హబ్సిగూడలో ఒక బడిలో ఎల్‌కేజీ ఇంటర్వ్యూ ఉంది. అక్కడ వీడు బల్ల మీది చెక్కముక్కలన్నీ టీచర్ ఒళ్లో పోస్తున్నట్టు ఊహించుకునేదాన్ని. అయినా నా అసలు భయం ఇంటర్వ్యూ కాదు. నా పిల్లవాడి బుర్రలో అంకె ఉండాల్సిన చోట ఒక దీపం ఉంది, దాన్ని అక్కడ పెట్టింది నేను. అది తీయడం కుదురుతుందో లేదో తెలియదు. అదీ భయం.

ఆయమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాను. తల వంచుకునే చెప్పాను. "నేను చెప్పిన గదా" అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"అన్నానికి ఉండు" అంది.

ఆ కేంద్రంలో మధ్యాహ్నం అన్నం పెట్టడానికి ఆయమ్మ పెట్టిన నియమం ఒకటుంది. పిల్లలు చాపల మీద వరసలుగా కూర్చుంటారు. ఒక్కో వరసకు ఒకరు లేచి, వంటింట్లోకి వెళ్లి, తమ వరసకు సరిపడా పళ్లాలు తేవాలి. ఎంతమంది ఉన్నారో ఎవరూ చెప్పరు. వంటింట్లోంచి చూస్తే వరస కనపడదు. ఒక్కసారే వెళ్లాలి, ఒక్కసారే తేవాలి. ఎక్కువ తెస్తే మిగిలినవి తానే తీసుకెళ్లి పెట్టాలి. తక్కువ తెస్తే తెచ్చినవాళ్లకు పళ్లెం ఉండదు. ఆయమ్మ పక్కన కూర్చుని ఆమె పళ్లెంలో తినాలి. ఇది శిక్షేమీ కాదు, ఆమె పళ్లెంలో పచ్చడి ఉంటుంది. అందుకని కొందరు దొంగలు కావాలనే ఒక్కటి తక్కువ తెచ్చేవాళ్లు. నేను ఆ సంగతి కనిపెట్టి చెబితే ఆయమ్మ మొహం విప్పారింది. "ఎరికే నాకు. ఒక్కటే తక్కువ తేవాల్నంటె లెక్క రావాలె గద!"

వాళ్లు వంటింట్లో ఉన్నంతసేపూ ఆమె అటు వీపు తిప్పుకుని నెమలితో తగువు పెట్టుకునేది. అది నెమలి మీద కోపం అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

ఆ రోజు మా వాడి వంతు చేయించింది. వాడు వెళ్లి, రెండు చేతులకూ పట్టినన్ని పళ్లాలు గడ్డం దాకా పేర్చుకుని వచ్చాడు. గడప దగ్గర అన్నీ జారి ఒకటే మోత. పిల్లలు గొల్లుమన్నారు. వాడు నా వైపు చూశాడు.

"సారూ, అటేంది చూస్తున్నవ్? అమ్మ మొహంల పళ్లాలున్నయా?" అంది ఆయమ్మ. తర్వాత నాతో, "బిడ్డా, నువ్వు బయట నిలవడు" అంది.

"నేనేం చేశాను?"

"నీ మొహం గూడ వెలుగుతది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత క్లిప్పులు గుర్తొచ్చాయి, స్పూన్లు గుర్తొచ్చాయి. ఐదో క్లిప్పు నా చేతిలో పడినప్పుడు నా కనుబొమలు ఏం చేశాయో, నా పెదాలు ఏం చేశాయో నేను చూసుకోలేదు. వాడు చూశాడు. ఆలుగడ్డల సాయంత్రం నేను ఫోన్ చూస్తూ ఉన్నాను కాబట్టి వాడికి ఏమీ దొరకలేదు. పాప మొహం బిగించింది కాబట్టి దొరకలేదు.

"మొదలు ట్యాబ్ అద్దంల దీపం చూసిండు. అది లేనికాడ నిన్ను చూస్తుండు. తెలివిగల్లోడే. నువ్వే జర ఆగుతలేవు" అంది ఆయమ్మ. "నీకు భయం రోగం బిడ్డా. దానికి మందు లేదు. పోరనికి అంటనియ్యకు."

కోపంతో బయటికి వచ్చాను. పిల్లవాడి ముందు, చిన్న ఆయా ముందు అలా అన్నదని కోపం. కిటికీ పక్కన గోడకు ఆనుకుని, కేంద్రానికి వీపు పెట్టి, రోడ్డు మీద వెళ్లే బస్సులు చూస్తూ నిలబడ్డాను. మరుసటి రోజు కూడా అన్నం వేళకు డిపార్ట్‌మెంటు నుంచి నడిచి వచ్చి అక్కడే నిలబడ్డాను. ఆ మరుసటి రోజూ. ఆయమ్మ ఆ వరస వంతు రోజూ మా వాడికే ఇచ్చింది. లోపల ఏం జరుగుతోందో చెవులతోనే తెలుసుకోవాలి. పళ్లాలు చాప ముందు పెడుతున్న చప్పుడు, వెంటనే "నాకు లేదు, నాకు లేదు" అని ఎవరో ఒకరు. లేదా "ఎక్కువైనయ్" అని నవ్వు. అందరూ తిన్నాక ఆయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేది.

"ఎన్ని తెచ్చాడు?"

"అన్నం తిన్నడు."

"అది కాదు ఆయమ్మా, పళ్లాలు ఎన్ని..."

"రెండుసార్లు పప్పేసుకున్నడు."

ఇంతకుమించి ఒక్క ముక్క చెప్పేది కాదు. ఇంటికి వెళ్లాక వాడినీ అడగొద్దంది. ఆ రెండు వారాలు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. ఇంట్లో వాడికి ఏ పని చెప్పినా గోడ వైపు తిరిగి చెప్పేదాన్ని. మా ఆయనకు నవ్వు. "గోడకు చెబుతున్నావా, వాడికి చెబుతున్నావా?" అనేవారు.

ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి ఉంటే, ఆయమ్మ మా వాడిని లేపడం వినపడింది. లోపల వంటింటి తలుపు కిర్రుమంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఎంతసేపంటే, వాడికేమైనా అయిందేమో అని తిరగబోయాను. అప్పుడు మొదటి పళ్లెం నేలకు తగిలింది. తర్వాత రెండోది. నేను లెక్కపెడుతున్నాను, నా తల ఆడుతోందని నాకే తెలుస్తోంది. ఏడు. ఏడో పళ్లెం తర్వాత "నాకు లేదు" అని ఎవరూ అనలేదు. "ఎక్కువైనయ్" అని ఎవరూ నవ్వలేదు. అన్నం గిన్నెలో గరిటె దిగిన శబ్దం వినపడింది.

నేను వెనక్కి తిరగలేదు. నిగ్రహం అని చెప్పుకోను. కళ్లు తుడుచుకుంటూ ఉన్నాను.

ఆయమ్మ బయటికి వచ్చింది. నేనేమీ అడగలేదు. "అన్నం తిన్నడు" అని తనే చెప్పింది.

మా మేడమ్‌కు అంతా చెప్పాను, ఆలుగడ్డల దగ్గర నుంచి ఖాళీ గడి దాకా. ఆమె కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. వచ్చి, నేల మీద కూర్చుని, ఒక పూటంతా పిల్లల మెడలు చూశారు. మరుసటి రోజు మీటింగ్‌కు ఆయమ్మను పిలిపించారు.

చక్రాల కుర్చీ చూపించి కూర్చోమంటే ఆయమ్మ దాన్ని వేలితో తోసి చూసింది. "గిది తిరుగుతది. నాకొద్దు" అని గోడకు ఆనుకుని నిలబడింది. ఆట ఎలా మార్చాలో చెప్పమన్నారు మేడమ్.

"దీపం తీసెయ్యుండ్రి. అయిందని పోరడే చెప్పాలె."

అలా 'చాలు' అనే మీట వచ్చింది. పళ్లు వేసి, ఇక చాలు అనుకున్నప్పుడు పిల్లలే దాన్ని నొక్కాలి. అంతవరకూ బుట్ట ఏమీ అనదు. కోడింగ్ చేసే అబ్బాయి అడిగాడు, "మరి తప్పు నొక్కితే ఏం చూపించాలి ఆయమ్మా?"

"ఏనుగు తినది."

"ఏడుస్తుందా?"

"ఎందుకేడుస్తది? ఏడ్వదు, నవ్వదు. ఊకె నిలవడ్తది. మల్ల ఏస్తడు."

తప్పు అనే మాట వినపడకూడదని మేము నెలల తరబడి వాదించుకున్నాం. ఊరికే నిలబడే ఏనుగు మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఏనుగుకు ఆమె గొంతు పెడదామని మేడమ్ ముచ్చటపడ్డారు. ఆయమ్మ గట్టిగా వద్దంది. "నా గొంతు ఆండ్ల పెడితే పోరగాండ్లు నన్ను అనుకోని ఏదన్న అడుగుతరు. దాహమైతున్నదంటరు. అది ఇస్తదా?" అని వెళ్లిపోయింది. అన్నం వేళయిందట.

ఆట మార్చాక పిల్లల మార్కులు దారుణంగా పడిపోయాయి. ఫారాల నిండా తప్పులు. కానీ తలలు ఆడటం మొదలైంది. ఆ రెండూ "ఇతర విషయాలు" గడిలో రాశాను, మొదట గమనించింది ఎవరో కూడా రాశాను. హబ్సిగూడ బడివాళ్లు ఇంటర్వ్యూలో మా వాడిని బస్సు ఏ రంగులో ఉంటుందని మాత్రమే అడిగి సీటు ఇచ్చేశారు.

తర్వాత ప్రాజెక్టు ముగిసింది. నాకు మరోచోట ఉద్యోగం వచ్చింది. వాడు బడికి వెళ్లడం మొదలుపెట్టినా, "ఆయమ్మ దగ్గరికి ఎప్పుడు పోదాం?" అని అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి తీసుకెళ్లాను. ఆమె వాడిని పైనుంచి కిందిదాకా చూసి, "ఏం సారూ, ట్రాన్స్‌ఫర్ అయినవట?" అంది. మళ్లీ వెళ్దాం, ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ గడిపేశాను.

పోయిన గురువారం సాయంత్రం తార్నాకలో కూరగాయల బండి దగ్గర చిన్న ఆయా కనపడింది. అప్పట్లో ఆయమ్మ ఏడిపించిన ఆ అమ్మాయే. నన్ను చూడగానే ఆమె కళ్లు నిండాయి.

"మేడం, మీకు తెల్వదా? ఆయమ్మ పోయింది. నాలుగు రోజులాయె."

"ఎలా?"

"నిద్రల్నే. తెల్లారి గేటుకాడ లేదు. వాచ్‌మన్ అన్నే ముందుగాల అన్నడు, ఇయ్యాల ఆమె రాలేదంటె ఏదో అయిందని." ఆ అమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను కడిగిన గ్లాసులు ఇప్పుడు ఎవరు కడుగుతలేరు మేడం."

కూరగాయలు కొన్నానో లేదో గుర్తులేదు. లిఫ్ట్ అద్దంలో మొహం సర్దుకుని ఇంట్లోకి వెళ్లాను. "ఏమైందమ్మా?" అన్నాడు వాడు, తలుపు తీయగానే. "ఏం లేదు, తలనొప్పి" అన్నాను. వాడు కొంతసేపు నన్నే చూసి, సరేనని వెళ్లి బొమ్మల దగ్గర కూర్చున్నాడు. కానీ అన్నం దగ్గర అల్లరి చేయలేదు. పాప కూడా చేయలేదు. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారు. నేను ఏమీ చెప్పలేదనే అనుకుంటున్నాను, ఇల్లంతా తెలిసిపోయింది. ఏం జరిగిందో తెలియదు, భయపడాల్సింది ఏదో ఉందని మాత్రం తెలిసింది.

ఆయమ్మ ఊరికి వెళ్లిందని చెబుదామా అనుకున్నాను. ఆ మాట మనసులో రెండు మూడు రకాలుగా అనుకుని చూశాను కూడా. ప్రతి రకంలోనూ వాడు "ఎప్పుడొస్తది?" అంటాడు. నేనొక అంకె చెప్పాలి. వాడికి ఇప్పుడు లెక్క వచ్చు. ఏ అంకె చెప్పినా క్యాలెండర్ ముందు నిలబడి, తల ఆడిస్తూ, ఒక్కో రోజూ లెక్కపెడతాడు.

తెల్లారి ఇద్దరూ దోసెలు తింటున్నప్పుడు వాళ్ల ఎదురుగా కూర్చున్నాను.

"ఆయమ్మ చనిపోయింది" అని చెప్పాను.

పాప చేయి ప్లేటులోనే ఆగిపోయింది. వాడు మాత్రం, నేను అనుకున్నట్టే, "ఎన్ని రోజులకొస్తది?" అన్నాడు.

"రాదు నాన్నా. ఎన్ని రోజులు లెక్కపెట్టినా రాదు."

"ముప్పై?"

"ముప్పై అయినా రాదు."

"వంద?" అంది పాప, వాడి తరఫున.

"వంద అయినా."

వాడు దోసె ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాడు. "మరి మొన్న అడిగితే, ఆదివారం పోదామన్నవ్ గదా?" అన్నాడు.

"అన్నాను. తీసుకెళ్లలేదు. తప్పు నాదే."

ఆ మాట అనడం అంత కష్టం కాలేదు. వాడు ఏడవలేదు, నవ్వలేదు. ఇంకేం చెబుతానా అని చూస్తున్నాడు. అప్పుడు మిగిలింది చెప్పాను.

"ఈ సాయంత్రం వాళ్లింటికి వెళ్దాం. అక్కడ చాలామంది ఏడుస్తుంటారు. నేను కూడా ఏడుస్తాను. మీకు ఏడుపొస్తే ఏడవండి. రాకపోతే రాలేదని ఊరికే కూర్చోండి. నా మొహం చూసి ఏదీ చేయొద్దు."